రాయగా రాయగా కరణం

మీ ఫిజిక్స్ రికార్డు ఇంకా ఉందా? అదేనండీ, ఇంటర్‌లో రాసింది. బ్రౌన్ అట్ట, అట్ట మీద లేబులు, లేబులు మీద గుండ్రంగా మీ పేరు. ఎడంపక్క గీతల్లేని పేజీలో పెన్సిలు బొమ్మ, కుడిపక్క గీతల పేజీలో నీలం సిరా. ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్, అబ్జర్వేషన్స్, రిజల్టు, ప్రికాషన్స్. అర్ధరాత్రి లేపి అడిగినా ఆ వరస తప్పకుండా చెప్తారు, నాకు తెలుసు. నాది మొన్న అటక దులుపుతుంటే దొరికింది. చెదలు ప్రికాషన్స్ దాకా తినేసి అక్కడ ఆగిపోయాయి. అవి వాటికీ రుచించలేదేమో!

మిగిలిన పేజీల్లో సింపుల్ పెండ్యులం ఒకటుంది. లోలకం ఊగింది, నేను లెక్కపెట్టాను, గురుత్వ త్వరణం వచ్చింది. ఎంత? 980 సెంటీమీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. మా సెక్షన్లో అరవైమందికీ 980 వచ్చింది. భూమాతకి మేమంటే అంత దయ. మీకెంత వచ్చిందో చెప్పకండి, ఊహించుకోగలను. ముందు 980 రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు పుట్టించిన బాపతే కదా మనందరం! నన్నడిగితే దానికే ఎక్కువ మార్కులు వెయ్యాలి. ముందుకి చేసే లెక్క ఎవడైనా చేస్తాడు.

ఇప్పుడీ రికార్డు పురాణం ఎందుకంటారా? మా మేనకోడలు ఫోన్ చేసింది. చెల్లెలి కూతురు. బావగారి ఉద్యోగం హవాయిలో, పిల్ల చదువూ అక్కడే. హొనొలులులో మానోవా అనే లోయ ఉంది, ఆ లోయలో హవాయి విశ్వవిద్యాలయం ఉంది, అందులో వృక్షశాస్త్రం చదువుతోంది. "మామయ్యా, ఈ సెమిస్టర్లో నా నెత్తిన డబ్ల్యూ పడింది" అంది. నాకు గుండె జారింది. డబ్ల్యూ అంటే ఏం రోగమో అనుకున్నాను.

రోగం కాదట. రైటింగ్. రాత.

అక్కడ టైంటేబుల్లో కొన్ని కోర్సుల పక్కన డబ్ల్యూ అని గుర్తుంటుంది. రైటింగ్ ఇంటెన్సివ్ కోర్సులంటారు. మనం రాత కోర్సులందాం. తమాషా ఏమిటంటే అవి ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు సొత్తు కాదు. వృక్షశాస్త్రంలో ఉంటాయి, చరిత్రలో ఉంటాయి, ఇంజనీరింగులో ఉంటాయి. డిగ్రీ చేతికి రావాలంటే ఇలాంటివి అయిదు దాటాలి. ఒక్కో కోర్సులో కనీసం 4,000 మాటలు రాయాలి, అంటే సుమారు 16 పేజీలు. కోర్సు మార్కుల్లో కనీసం 40 శాతం ఆ రాతకే. క్లాసులో ఇరవైమందికి మించి కూర్చోబెట్టరు. రాస్తూ ఉండగానే పంతులుగారు చూసి ఇక్కడ బాగుంది, ఇక్కడ తేలిపోయింది అని చెప్పాలి. ఇది 1987 నుంచి నడుస్తున్న భాగోతం.

"పదహారు పేజీలా? అంతేనా?" అన్నాను. నవ్వు ఆగలేదు. మీకు మాత్రం నవ్వు రావట్లేదూ? పదహారు పేజీలు మనం ఒక్క పరీక్షలో రాసేవాళ్ళం! అడిషనల్ షీట్ అని చెయ్యెత్తేవాళ్ళం, పక్కవాడు గుండెలు బాదుకునేవాడు, చివర్లో తెల్లదారంతో కట్ట కట్టేవాళ్ళం. ఆ దారం ముడి గట్టిగా పడిందంటే సగం పాసైనట్టే. జువాలజీ రికార్డులో కప్ప ఒక్కదానికే పన్నెండు పేజీలు తగలేసినవాణ్ణి నేను. ఇంకా మీ పదహారేమిటి తల్లీ?

"అవును మామయ్యా. మరి ఆ కప్ప గురించి నువ్వు రాసింది ఎవరైనా చదివారా?"

చూశారా, ఈ కాలం పిల్లలు ఎక్కడ గిల్లుతారో! జవాబు చెప్పకుండా, అక్కడ వాన పడుతోందా అని మాట మార్చాను. మాట మార్చడానికి మానోవాని మించిన ఊరు లేదు లెండి. రోజూ రెండు చినుకులు, ఆ వెనకే ఇంద్రధనుస్సు. ఆ యూనివర్సిటీ ఆటగాళ్ళ జట్టుకి కూడా ఇంద్రధనుస్సు యోధులని పేరు. ఆవరణలో బవోబాబ్ చెట్టుందట. ఏనుగు నడుమంత మొదలు. మన గోల్కొండ నయా ఖిలాలో హతియాన్ చెట్టుంది చూశారూ, లోపల మనుషులు దూరేంత తొర్ర ఉన్నది? దానికి ఇది చుట్టం.

అన్నట్టు ఇంకో చుట్టరికం. హవాయి భాషకి అక్షరాలు పదమూడే. అయిదు అచ్చులు, ఎనిమిది హల్లులు. ఆ ఎనిమిదో హల్లు గొంతులో చిన్న నొక్కు, అంతే. దాన్ని తలకిందులైన కామాలా రాస్తారు. మనకేమో 56 అక్షరాలూ, ఒత్తులూ, గుణింతాలూ, బండి ర గురించి తగువులూ. అయినా ఆ భాషలో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుందట. అలోహా, మహలో, హూలా, మానోవా. మనది అజంత భాష అని మనం మురిసిపోతుంటే, పసిఫిక్ మధ్యలో ఇంకొకళ్ళు చడీచప్పుడూ లేకుండా అదే పని చేస్తున్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు భోజనం సయించలేదు.

సరే, కప్ప దగ్గరికి వద్దాం. ఎంత తిప్పినా అక్కడికే వస్తుంది.

నా కప్పని ఎవరూ చదవలేదు. డిమాన్‌స్ట్రేటర్‌గారు చదవకపోవడం ఆయన తప్పు కాదు. అరవై రికార్డులు, ఒక్కోటీ మూరెడు, అన్నిట్లోనూ అదే కప్ప. ఎర్ర పెన్నుతో పేజీకో టిక్కు, చివర సంతకం, తేదీ. ఆ టిక్కు ఎంత వేగంగా పడేదంటే, ఓసారి మా స్నేహితుడొకడు ప్రొసీజర్ మధ్యలో సినిమా పాట పల్లవి రాశాడు. దానికీ టిక్కు పడింది. కాలేజీ పేరు చెప్పను, పాట పేరు అసలే చెప్పను. వాడిప్పుడు పెద్ద డాక్టరు.

రాత మనకి కొత్త కాదండీ. రాసి రాసి వేళ్ళు కాయలు కాశాయి మనకి. రాయగా రాయగా కరణం, దగ్గగా దగ్గగా మరణం అన్న జాతి మనది. కాకపోతే మనం రాసింది చదివి, "ఇదేమిటి, ఇక్కడ నువ్వేం చెప్పదలిచావు?" అని అడిగిన నాథుడు లేడు. ఆ పదహారు పేజీల గొడవంతా ఆ ప్రశ్న కోసమే. ఒక ముసాయిదా ఇస్తే వెనక్కొస్తుంది. అంచుల నిండా ప్రశ్నలు. తిరగరాసి మళ్ళీ ఇవ్వాలి. ఇరవైమందికి పదహారేసి పేజీలంటే మూడువందల ఇరవై. రెండు విడతలంటే ఇంకా ఎక్కువ. ఆ పంతుళ్ళ కళ్ళద్దాల ఖర్చు ఎవరిస్తారో కనుక్కోవాలి.

ఈ విడ్డూరం మొదలైన వైనం విన్నారా? అమెరికాలో అయోవా అని మొక్కజొన్న చేల రాష్ట్రం. అందులో పెల్లా అని చిన్న ఊరు. డచ్చివాళ్ళు కట్టుకున్న ఊరు, వేసవి ముందు టులిప్ పూల పండగ చేస్తారు. అక్కడి సెంట్రల్ కాలేజీలో బార్బరా వాల్వూర్డ్ అని ఇంగ్లీషు పంతులమ్మ ఉండేది. 1969-70లో ఆవిడ చాసర్ కవి మీద పాఠం పెడదామనుకుంటే చాలినంతమంది పిల్లలు చేరలేదట. మనలో మాట, ఆరువందల ఏళ్ళనాటి ఇంగ్లీషు కవిత్వానికి మొక్కజొన్న చేలల్లో పిల్లలు రాకపోతే తప్పు పట్టగలమా? ఆ ఖాళీలో ఆవిడ పంతుళ్ళనే పోగేసింది. కెమిస్ట్రీ ఆయన, హిస్టరీ ఆయన, బయాలజీ ఆవిడ, అందరూ కూర్చుని పిల్లల రాతలు ముందు పెట్టుకుని మాట్లాడుకున్నారు. అన్ని సబ్జెక్టుల పంతుళ్ళూ రాత గురించి అలా బల్ల చుట్టూ చేరడం అక్కడే మొదలని చెప్పుకుంటారు. చాసర్‌గారికి పిల్లలు దొరక్కపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో!

తర్వాత 1975 డిసెంబరులో న్యూస్‌వీక్ పత్రిక, మన జానీకి రాయడం ఎందుకు రాదని ముఖచిత్ర కథ వేసింది. ఇక దేశమంతా ఒకటే గోల. మా కాలంలోనైతేనా అని తాతలు, ఈ టీవీలొచ్చి అని నాయనమ్మలు. ఈ పాట మనకి కొత్తా? జానీ చోట ఏ చిట్టిబాబునో పెట్టండి, రేపటి పేపర్లో వెయ్యొచ్చు. ఆ గోలలో నింద మాత్రం ఇంగ్లీషు పంతుళ్ళ మీద పడింది. పిల్లాడికి రాత రాకపోతే ఇంగ్లీషు మాస్టారి తప్పు, లెక్కల మాస్టారికేం సంబంధం అని.

ఇక్కడే జానెట్ ఎమిగ్ అనే ఆవిడ అడ్డం పడింది. 1977లో ఆవిడ రాసిన వ్యాసం పొడుగు తక్కువే, సత్తా ఎక్కువ. రాయడం అనేది నేర్చుకున్నది అప్పజెప్పడం కాదు, రాయడమే ఒక రకంగా నేర్చుకోవడం అంది. చెయ్యి, కన్ను, బుర్ర మూడూ ఒకేసారి పనిచేస్తాయి కదా అంది. ఇక అప్పణ్ణుంచి కెమిస్ట్రీ ఆయన తప్పించుకోలేకపోయాడు. పిల్లలు కెమిస్ట్రీ నేర్చుకోవాలంటే కెమిస్ట్రీ రాయాలి, రాయించాల్సింది మీరే స్వామీ అన్నారు. ఆయన ముఖం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. వ్యాకరణం తప్పుల కోసమా నేను బ్యూరెట్ పట్టింది అని ఉంటాడు, పాపం.

మసాచుసెట్స్‌లో ఎం.ఐ.టి. ఉంది కదా, మన పిల్లల కలల్లోకి వచ్చేది. అక్కడా తప్పదు. 2001 నుంచి చేరినవాళ్ళందరూ నాలుగు కమ్యూనికేషన్ కోర్సులు చెయ్యాల్సిందే. రెండు సాహిత్యం, చరిత్ర లాంటి వాటిలో, రెండు సొంత సబ్జెక్టులో. రాకెట్లు చేసేవాడు కూడా రాకెట్టు ఎందుకు పేలిందో నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలగాలి మరి.

నియమాలు చాలు. ఈ కోర్సుల్లో జరిగే చిల్లర తమాషాలు వింటే మీకూ చేరాలనిపిస్తుంది. నాకైతే ఫీజు కనుక్కోవాలనిపించింది. కనుక్కున్నాక ఆ కోరిక చల్లారింది.

మినిట్ పేపర్ అని ఒకటుంది. క్లాసు అయిపోయే ముందు చిన్న కాయితం ముక్క ఇస్తారు. ఇవాళ్టి పాఠంలో నీకు ముఖ్యమనిపించిందేమిటి? ఇంకా తెలియకుండా మిగిలిపోయిందేమిటి? ఒక్క నిమిషంలో రాసిచ్చి వెళ్ళిపోవాలి. మార్కుల్లేవు. దీనికో తమ్ముడున్నాడు. హార్వర్డులో ఫ్రెడరిక్ మోస్టెల్లర్ అని పేరున్న స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, ఈ పాఠంలో అన్నిటికన్నా బురదగా ఉన్న చోటు ఏది అని అడిగేవాడు. బురద! ఎంత హాయైన మాట! మా లెక్కల మాస్టారు డౌట్స్ ఉన్నాయా అని అడిగితే క్లాసంతా చచ్చినట్టు ఊరుకునేది. డౌటంటే మనకి తెలియదని ఒప్పుకున్నట్టు. బురదంటే పాఠం మీద పడిన బురద, మన తప్పేం లేదు. ఆయనే కనక బురదెక్కడ్రా అని అడిగి ఉంటే, సార్, మోకాళ్ళదాకా ఉంది సార్ అని చెప్పేవాణ్ణి. ఇంటిగ్రేషన్ నాకు ఈపాటికి వచ్చేదేమో.

తర్వాత స్వేచ్ఛగా రాయడం. పీటర్ ఎల్బో అనే ఆయన 1973లో పంతులు అక్కర్లేని రాత గురించి ఒక పుస్తకం వేశాడు. పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయాలంటాడు. తప్పులు చూసుకోకూడదు, కొట్టివేతలు కూడదు. ఏమీ తోచకపోతే ఏమీ తోచట్లేదు అని రాయాలి. నేను చేసి చూశాను. మూడు నిమిషాలు ఏమీ తోచట్లేదు అని రాశాను. నాలుగో నిమిషంలో పాలవాడి బాకీ తోచింది. ఆరో నిమిషంలో ముప్ఫయ్యేళ్ళ కిందట మా నాన్నతో మాట్లాడని సంగతి ఒకటి తోచింది. ఇక ఆ రోజు ఏ పనీ జరగలేదు. జాగ్రత్త, పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం ఈ పని చెయ్యకండి.

మూడు గంటల బొమ్మ కథ చెప్పనా? హార్వర్డులోనే జెన్నిఫర్ రాబర్ట్స్ అని చిత్రకళా చరిత్ర చెప్పే ప్రొఫెసరుంది. ఏదైనా బొమ్మ మీద పరిశోధనా వ్యాసం రాసే ముందు విద్యార్థి మ్యూజియానికి వెళ్ళి ఆ ఒక్క బొమ్మ ముందు మూడు గంటలు కూర్చోవాలి. మూడు గంటలంటే ఇంటర్వెల్‌తో సహా మన పాత సినిమా. కదలని సినిమా. పిల్లలు మొదట మొత్తుకుంటారట. మొత్తుకోరూ మరి! కానీ కూర్చోగా కూర్చోగా, గంట తర్వాత ఒకటి కనిపిస్తుంది, రెండు గంటల తర్వాత ఇంకోటి. అప్పుడు రాయడానికి చేతినిండా సరుకు. మా ఇంట్లో హాల్లో వెంకటేశ్వరస్వామి పటం నలభై ఏళ్ళుగా ఉంది. కిరీటం మీద ఎన్ని రాళ్ళున్నాయో చెప్పమంటే నేను గోవిందా.

లెక్కలవాళ్ళు తప్పించుకున్నారనుకుంటున్నారు కదూ? స్టాన్‌ఫర్డులో డొనాల్డ్ నూత్ అని కంప్యూటర్ శాస్త్రంలో కొండంత మనిషి. 1987లో ఆయన లెక్కలు ఎలా రాయాలి అని ఏకంగా ఒక కోర్సే పెట్టాడు. చెయ్యడం కాదండోయ్, రాయడం. వాక్యాన్ని ఎక్స్‌తోనో వైతోనో మొదలెట్టకండి, ముందు ఒక మాట పెట్టండి అంటాడు. రెండు సూత్రాలు పక్కపక్కన గుద్దుకోకుండా మధ్యలో ఒక మాటని కాపలా పెట్టమంటాడు. పెళ్ళి భోజనాల్లో ఇద్దరు తగువులమారి బావల మధ్య ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టినట్టు. ఈయనకింకో సరదా ఉంది. తన పుస్తకంలో తప్పు పట్టుకున్నవాళ్ళకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవాడు. 256 ఎందుకంటే కంప్యూటరువాళ్ళని అడగండి, వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ చెక్కు వచ్చినవాళ్ళు చాలామంది బ్యాంకులో వెయ్యలేదు, ఫ్రేము కట్టించుకున్నారు. తన రాతని ఎవరో ఒకరు అంత శ్రద్ధగా చదవాలని చేతి డబ్బు పెట్టుకున్న మనిషి!

ఇంతకన్నా పాత ముచ్చట ఒకటుంది. 1880ల్లోనే హార్వర్డులో బ్యారెట్ వెండెల్ అనే ఆయన పిల్లలచేత రోజుకో చిన్న రాత రాయించేవాడు. ప్రతి రోజూ! ఆదివారం ఏం చేసేవారో అడక్కండి. ఆ క్లాసులో డుబోయిస్ అని ఒక నల్లజాతి కుర్రాడుండేవాడు. పేరు ముందు మూడు పొడి అక్షరాలు, మొదటిది డబ్ల్యూ. చూశారా, డబ్ల్యూ ఎక్కడికీ పోదు. అంతకు ముందు హార్వర్డులో ఆయన రాసిన మొదటి ఇంగ్లీషు వ్యాసానికి 'ఇ' గ్రేడు వచ్చింది. అంటే తప్పాడన్నమాట. మండిపోతూ, ఆవేశంగా రాసిన రాత. చెప్పే సంగతి మండాలిగానీ ఎలా చెప్తే ఏమిటి అనుకున్నాడట అప్పట్లో. దెబ్బ తగిలాక దారికొచ్చాడు. కావాలని వెళ్ళి రాత క్లాసుల్లో కూర్చున్నాడు. 1890లో వెండెల్ ఆయన రాత ఒకటి క్లాసులో పైకి చదివి వినిపించాడు. ఆ సంతోషాన్ని ముసలితనంలో ఆత్మకథ రాస్తున్నప్పుడు కూడా ఆయన మర్చిపోలేదు. 1895లో హార్వర్డు డాక్టరేటు తెచ్చుకున్న తొలి నల్లజాతి మనిషి ఆయనే. చరిత్రలో, సామాజిక శాస్త్రంలో మహామహుడు. అంత మనిషికీ మాస్టారు క్లాసులో చదివి వినిపించడం గుర్తుండిపోయింది. మీకు లేదూ అలాంటిదొకటి? ఏ ఏడో తరగతిలోనో తెలుగు మాస్టారు మీ వ్యాసం చదివి, ఇటు రా అని పిలిచి… ఉంది కదూ. సరే, కళ్ళు తుడుచుకోండి.

ఇక నా సొంత డబ్ల్యూ కోర్సు సంగతి.

మా మేనకోడలికి అన్న ఉన్నాడు, కాలిఫోర్నియాలో ఉద్యోగం. స్నేహితుడి పెళ్ళికి పంచె కట్టుకోవాలి, ఎలా కట్టాలో చెప్పు మామయ్యా అన్నాడు. వీడియో చూడరా అంటే, చూశాను, అందులో ఆయన చేతులు కనిపించట్లేదు, నువ్వు రాసి పంపు అన్నాడు. రాయడానికేముంది, నలభై ఏళ్ళుగా కడుతున్నాను. రాసి పారేశాను.

"పంచె నడుం చుట్టూ తిప్పి రెండు చెంగులూ ముందుకి తెచ్చి ముడి వెయ్యాలి. ఒక చెంగు తగినన్ని కుచ్చిళ్ళు పోసి ముందు దోపాలి. రెండోది వెనక్కి తీసి గోచీ పెట్టాలి. అంతే."

ఎంత ముచ్చటగా ఉందో చూడండి! నాలుగు వాక్యాలు. నాకే ముద్దొచ్చింది. వాడు అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. వెనక్కి తియ్యమన్నాను కదా, రెండో చెంగుని పక్కనుంచి వెనక్కి తీసి దోపుకున్నాడు. కాళ్ళ మధ్యనుంచి అని నేను రాస్తేనా? లుంగీకి తోక తగిలించినట్టు వచ్చింది. తలంబ్రాల దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటే ముడి మెల్లమెల్లగా జారింది. లోపల బెల్టు పెట్టుకున్నాడు కాబట్టి మన వంశం పరువు దక్కింది. ఫోటో పంపాడు. చూసి మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఓ పావుగంట రాలేదు.

మేనకోడలు రంగంలోకి దిగింది. "మామయ్యా, ఇది నీ మొదటి డ్రాఫ్టు. రివ్యూ నేను చేస్తాను" అంది. చేసింది. నాలుగు వాక్యాలకి పదకొండు ప్రశ్నలు. రెండు చెంగులూ సమానంగా ఉండాలా? తగినన్ని అంటే ఎన్ని? ఒక చెంగు అంటే ఏది, ఎడమదా, కుడిదా? దోపడం అంటే ఎంత లోతు, రెండు వేళ్ళా, అరచెయ్యా? అన్నిటికన్నా చివర, "అంతే అని నువ్వనుకుంటే సరిపోదు, కట్టుకునేవాడు అనుకోవాలి" అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లని ఎత్తుకుని ఆడించాను నేను! ఉప్పు తగినంత అని మన అమ్మమ్మలు చెప్తే ఎవరైనా గ్రాములు అడిగారా?

సరే, పంతం పట్టి, తలుపు వేసుకుని, పంచె పట్టుకుని నిలబడ్డాను. కట్టడం, ఆగడం, రాయడం. విప్పడం, కట్టడం, రాయడం. అప్పుడు తెలిసిందండీ ఒక సంగతి. ముడి బిగించేటప్పుడు నేను పొట్ట లోపలికి లాగి, ముడి పడ్డాక సగం వదులుతున్నాను. పూర్తిగా లాగి కడితే భోజనం దగ్గర ప్రాణం పోతుంది. అసలు లాగకుండా కడితే చేతులు కడుక్కునే దగ్గర పంచె పోతుంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని, చేస్తున్నానని నాకే తెలియదు! మూడో డ్రాఫ్టులో ఆ ఊపిరి సంగతి రాశాను. రెండు పేజీలు వచ్చింది. మా మేనల్లుడు ఈసారి ఒకరి గృహప్రవేశానికి కట్టుకెళ్ళి, విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఫోటో పంపాడు. పంచె పంచెలాగే ఉంది. నా పెళ్ళినాడు కూడా నేనంత సంబరపడలేదు. ఈ ముక్క మా ఆవిడకి చెప్పకండి.

ఇప్పుడు మీరొకటి అడుగుతారు, నాకు తెలుసు. ఈ రోజుల్లో యంత్రాన్ని అడిగితే రెండు సెకన్లలో రాసిస్తుందిగా, ఎందుకీ తిప్పలు? రాసిస్తుంది, కాదనను. నాకన్నా పొందిగ్గా రాస్తుంది. అది రాసిచ్చి ఉంటే నా పొట్ట సంగతి నాకు తెలిసేదా?

మన దగ్గర ఇలాంటి ఆలోచన లేదనుకునేరు. నూరేళ్ళ కిందటే మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియెట్ పిల్లలు తెలుగులో కాంపోజిషన్ రాయాలన్నారు. బాగుంది కదా? ఏ తెలుగులో రాయాలి అన్నదగ్గర వచ్చింది తంటా. గ్రాంథికంలోనే అని కొందరు పెద్దలు. నోటితో మాట్లాడే భాషలో రాయనివ్వండయ్యా అని గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. కమిటీలు వేశారు, కత్తులు దూశారు. కమిటీ నివేదికతో నాకు పొత్తు కుదరదని 1914లో గురజాడ పెద్ద అసమ్మతి పత్రం రాశాడు. తెలుగు ఎలా రాయాలో చెప్పే ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది. మనవాళ్ళ తమాషాలు మనవే. అప్పటికి గాలి గ్రాంథికం వైపే వీచింది. పిల్లవాడు తన మాటల్లో తను రాయడం అనే ముచ్చట రికార్డు అట్టలో పడి, ఎర్ర టిక్కు కింద నలిగింది.

మేనకోడలి కోర్సు అయిపోయింది. చివరి వ్యాసం ఆ బవోబాబ్ చెట్టు మీదే రాసింది. మొదటి డ్రాఫ్టులో "ఇది చాలా పెద్ద చెట్టు" అని ఉందట. పంతులమ్మ ఆ వాక్యం పక్కన, "ఎంత పెద్దది? నువ్వు చెయ్యి చాపి చూశావా?" అని రాసింది. పిల్ల వెళ్ళి చెయ్యి చాపి చూసింది. స్నేహితుల్ని కూడా లాక్కెళ్ళి చుట్టూ నిలబెట్టి చేతులు పట్టించింది. ఎంతమంది పట్టారో నాకు చెప్పలేదు. వ్యాసం పంపిస్తాను, చదివి తెలుసుకో మామయ్యా అంది. చదువుతున్నాను. తొమ్మిదో పేజీలో ఉన్నాను. నా ఎర్ర పెన్ను ఇప్పటికి రెండుచోట్ల ఆగింది.

మీరూ ఒకటి రాయండి మరి. పెద్ద విషయాలొద్దు. కుక్కరు గాస్కెట్ ఎలా బిగిస్తారో, మల్లెపూల మాల ఎలా కడతారో, మీ వీధిలో అడ్డదారి ఎటునుంచో. వంద మాటలు చాలు. రాశాక నాకో కేక వెయ్యండి. అక్షరం వదలకుండా చదువుతాను, బురద ఎక్కడుందో అంచులో రాసిస్తాను. 2 డాలర్ల 56 సెంట్లు మాత్రం నన్నడక్కండి.